సామాను ముట్టింది

కొత్తగ బళ్లె చేరిన టీచర్లు ఇప్పటికి సుత నాకు ఫోన్ చేస్తరు. "బెన్, పిల్లలను క్యాంపుకు తోల్కపోతున్నం. మీ దగ్గర ఆ జాబితా ఉన్నదట కద, జర పంపుతరా?" అంటరు. గుజరాత్‌ల టీచరమ్మను బెన్ అనే పిలుస్తరు, అక్క అన్నట్టు. సూరత్‌ల తెలుగు బడైనా మేం సుత బెన్‌లమే. జాబితా పంపుత. రెండు నిమిషాలకు మళ్ల ఫోన్ వస్తది. "అంత మంచిగున్నది గాని బెన్, ఈ ఆఖరి లైను ఏంది? సమజ్ గాలే."

ఆఖరి లైను ఇది: పిల్ల దిగకుండ సంచి దిగొద్దు.

ఫోన్ల చెప్తె ఒడిసే ముచ్చట గాదు. సూరత్‌లనే అడాజన్ దిక్కు ఈ ఫ్లాట్ల కూసోని నాకు ఇప్పుడు చేసే పని సుత ఏం లేదు. అందుకే రాసి పెడ్తున్న. చదివినంక మీ బెన్ మీద మీకున్న మర్యాద జర తగ్గుతది. తగ్గనియ్యిండ్రి.

నేను ముప్ఫై ఏండ్లు తెలుగు బళ్లె చెప్పిన. మా నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల పనికి వచ్చిండు. నేను ఈడనే పుట్టి, ఈడనే చదివి, ఈడనే టీచర్‌నైన. ఎదురుంగ ఎవ్వరు అనరు గాని బళ్లె నాకింకో పేరుండె, జాబితా బెన్ అని. పరీక్షలకు జాబితా, పంద్రాగస్టు మిఠాయిలకు జాబితా, ఇరిగిన బెంచీలకు జాబితా. నేను స్టాఫ్ రూముల అడుగు వెడ్తె మా డ్రిల్ సార్ నవ్వు మింగుతుండె. "నువ్వు సచ్చేముందు సుత ఎవ్వలెవ్వలు ఏడ్వాల్నో జాబితా రాసి పోతవే" అంటుండె మా ఆయన. నాకు కోపం రాకపోతుండె. జాబితా ఉన్నకాడ తప్పు జరుగదని నాకు మస్తు ధీమా.

రెండో కరోనా పోయి బళ్లు తెరిచిన చలికాలం అది. డాంగ్ అడవుల్ల ఒక సంస్థోళ్లు బడి పిల్లలకు వారం రోజుల క్యాంపు పెడ్తున్నరని కాయితం వచ్చింది. అడవిలనే ఉండుడు, గుడారాలల్ల పండుడు, వాగులు, పిట్టలు, చెట్లు చూసుకుంట నడుసుడు. మా ఆరో తరగతికి పిలుపు. హెడ్‌మాస్టర్ ఆ కాయితం నా ముందట పెట్టి, "మీతోనైతెనే అయితది" అన్నడు. గంత మాట చాలు నాకు.

ఆ పిల్లలు గప్పుడు ఎట్లున్నరో మీకు ఎరుక లేదు. ఏడాదిన్నర ఒక్క అర్రల ఉన్నరు. ఆ అర్రలనే అవ్వ, నాయిన, పొయ్యి, టీవీ. నాలుగో తరగతిల ఇంటికి పోయినోళ్లు ఆరో తరగతిల తిరిగొచ్చిండ్రు. బూట్ల లేసులు కట్టుకునుడు మరిచిపోయిండ్రు. గ్రౌండు చుట్టూ ఒక్క చక్కరు ఉరుకుతె ఎగపోస్తుండ్రి. అన్నిటికంటె ఘోరం, దగ్గొస్తె మింగుతుండ్రి. ఎవ్వలన్న చూస్తరేమొనని కండ్లల్ల నీళ్లు తిరుగంగ మింగుతుండ్రి. పదకొండేండ్ల పిల్లలు, దగ్గు దాచుకుంటుండ్రి. వీళ్లను గా అడవిల ఇడువాలె, గొంతు తెరిచి ఒర్రనియ్యాలె అని నేనే పట్టువట్టిన.

తల్లిదండ్రుల మీటింగు పెట్టినం. మొకాలకు మాస్కులు, బెంచికి ఒక్కలు. నేను నిలవడి జాబితా చదువుతున్న.

"రెండు జతల బట్టలు. తువ్వాల. పళ్లెం. గిలాస."

ఆఖరి బెంచి నుంచి ఒక ఆడమనిషి గొంతు, నాకంటె ముందుగాల, మెల్లగ వచ్చింది. "సబ్బు. బ్రష్షు."

నా జాబితాల తర్వాత ఉన్నయి సబ్బు, బ్రష్షే. చదివిన.

"చెద్దరు" అన్నది ఆ గొంతు. తర్వాతిది చెద్దరే.

"సంచి మీద పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు గుడ్డ మీద రాసి కుట్టాలె" అని ఇద్దరం ఒక్కసారే అన్నం.

నాకు నవ్వొచ్చింది. "అరె, నా జాబితా ఎవ్వలు లీక్ చేసిండ్రమ్మా?" అన్న. అందరు నవ్విండ్రు. ఆమె నవ్వలే. మీటింగయినంక చూస్తె ఆమె సంతకం పెట్టాల్సిన కాయితం బెంచి మీదనే ఉన్నది. మనిషి లేదు.

ఆమె బిడ్డ మా తరగతిల మంచిగ చదివే పిల్ల. బక్కగ, గుండ్రటి కండ్లు, మాట తక్కువ. మర్నాడు నా టేబులు కాడికి వచ్చి నిలవడ్డది. "బెన్, మా అవ్వ నన్ను పోనియ్యదట. మీరొచ్చి జర చెప్పుండ్రి. నాకు పోవాల్నని ఉన్నది" అన్నది. ఆ పిల్ల నన్ను ఏదన్న అడుగుడు అదే మొదలు.

ఆదివారం పోయిన. వాళ్లు సూరత్ అంచుకు ఉన్ అనే కాడ ఉంటుండ్రి, మగ్గాలోళ్ల గల్లీల ఒక్క అర్ర. లోపట కాలు పెట్ట జాగ లేకుండ చీరల మూటలు. ఆమె ఇంటికాడ ధాగా కటింగ్ చేస్తుండె. చీర వెనుక దిక్కు ఏలాడే దారాలను చిన్న కట్టరుతోని కత్తిరించుడన్నట్టు. నేను మాట్లాడుతుంటె సుత చెయ్యి ఆగలే.

"మీ జాబితా నాకు నోటికొస్తది బెన్" అన్నది. "కరోనాల మా ఆయనకు దమ్ము ఎక్కువైననాడు దవాఖాన బండి వచ్చింది. ప్లాస్టిక్ అంగీ తొడుక్కున్నాయన గల్లీ మొగనే నిలవడి చదివిండు. రెండు జతల బట్టలు, తువ్వాల, పళ్లెం, గిలాస, సబ్బు, బ్రష్షు, చెద్దరు. సంచి మీద పేరు కుట్టుండ్రి, లేకుంటె గల్లంతయితది అన్నడు. నేనే కుట్టిన."

చేతిల ఉన్న జాబితాను మడిసి ఒళ్లె పెట్టుకున్న.

"మూడు రోజులు పొద్దుమూకంగ ఫోన్ వచ్చింది, మంచిగున్నడు అని. నాలుగోనాడు పొద్దుగాల్నే ఫోన్. వచ్చి సామాను తీస్కపోండ్రి అన్నరు. నేను సంబురపడ్డ బెన్. సంచి ముందుగాల ఇస్తున్నరంటె మనిషి వెనుక వస్తున్నడనుకున్న. పోయిన. బల్ల మీద మా సంచి ఉన్నది. మందు కొట్టిండ్రు దానికి. రిజిస్టర్ల వేలు పెట్టి, ఈడ సంతకం పెట్టు అన్నరు, పెట్టిన. అప్పుడు అడిగిన, మనిషేడి అని. బల్ల వెనుకాయన నా దిక్కు చూసిండు. సంతకం పెట్టినవు కదమ్మా, నీకు చెప్పలేదా అన్నడు. అంత అయిపోయిందట. కాలవెట్టుడు సుత అయిపోయిందట."

కట్టరు కిర్రుకిర్రుమంటనే ఉన్నది. ఆమె మళ్ల అన్నది, "మా ఆయన పోయిండని నేనే సంతకం పెట్టిన బెన్, నాకే ఎరుక లేకుండ."

గోడ మీద ఒక చిన్న పుస్తకం ఏలాడుతున్నది. పనిచ్చే ఠేకేదారు చీరల మూట తెచ్చినప్పుడు అండ్ల ఆమె సంతకం పెట్టాలె, మాల్ ముట్టింది అని. పెట్టినంక చిరిగిందన్నా, తక్కువున్నదన్నా వినరు. "సంతకం చేసినంక బోల్నా నై", ఇగ మాట్లాడేది లేదని ఠేకేదారు మాట. ఆమెకు ఆ సంతకం నేర్పింది మొగడే. తెలుగుల, ఒక్కొక్క అక్షరం దిద్దిచ్చిండట. ఆమె లోకంల సంతకం అంటె అదే. ఒక్కసారి పడ్డదంటె ఇగ అడిగేది లేదు.

ఇదంత ఈ చెవులతోని విన్న. యాది పెట్టుకోండ్రి, నాకు ఎరుక లేక చేసిన తప్పు కాదు.

గప్పుడు నేనేం చేసిన? నా తెలివి చూపెట్టిన. "ఆ సంచిల లేనిది ఒకటి ఈ సంచిల పెట్టు. అప్పుడు అదీ ఇదీ ఒక్కటి కాదు" అన్న. ఆమె ఆలోచన చేసింది. "ఆయనకు తొక్కు పెడ్తనంటె వద్దన్నరు, బయటి తిండి నడువదని" అన్నది. "అయితె తొక్కు పెట్టు, సీసెడు పెట్టు" అన్న. మూలకు కూసున్న పిల్ల మొకం ఎల్గింది. "మామిడికాయది, అవ్వా" అన్నది.

"ఫోన్ చేస్తరా బెన్?" అని తల్లి అడిగింది.

"అడవిల సిగ్నల్ ఉండది. గుట్ట ఎక్కి పొద్దుమూకంగ మెసేజ్ పెడ్తరు. గాని నేను సుత పోతున్న కద. నేనే తోల్కపోత, నేనే తోల్కొస్త. నీ చేతిల నీ బిడ్డ చెయ్యి పెట్టి అప్పజెప్పుత. సరేనా?"

"చేతిల చెయ్యి పెడ్తరా?"

"పెడ్త."

అప్పుడు కట్టరు కింద పెట్టి కాయితం మీద సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు నా దిక్కే చూసింది, కాయితం దిక్కు గాదు.

ఎనిమిది రోజులున్నయి మాకు. ఆ ఎనిమిది రోజులు పిల్లలకు లేసులు కట్టుడు, చెద్దరు మడత పెట్టుడు, సల్లనీళ్ల తానం, పళ్లెం కడుగుడు నేర్పిన. గ్రౌండు చుట్టూ మొదలు ఒక్క చక్కరు, ఆఖరుకు ఆరు చక్కర్లు. ఈ పిల్ల బాపు పోయినసంది అవ్వ కొంగు చేతికి చుట్టుకోని పండుతుండెనట. రోజుకింత దూరం జరుగుమని చెప్పిన. "ఇయ్యాల మూర దూరం పండిన బెన్" అని వచ్చి చెప్పేది. ఆరోనాడు, "గోడ అవుతల దిక్కు పండిన. అవ్వనే లేసి లేసి చూసింది" అన్నది.

ఒకనాడు అడిగింది. "బెన్, ఆడ రాత్రి మిషన్లు నడువయా?"

"అడవిల మిషన్లేందే పిచ్చిదానా?"

"మరి నిద్రెట్ల పడ్తది?"

నాకు నవ్వాలో ఏడ్వాలో తెలువలే. మగ్గాల సప్పుడుల పుట్టిన పిల్లలు. వాళ్లకు సప్పుడు ఆగిందంటె ఏదో అయిందన్నట్టే. లాక్‌డౌన్‌ల మిషన్లన్ని బందయిననాడు గల్లీల పిల్లలంత నిద్ర పట్టక ఏడ్సిండ్రట.

పోయే ముందురోజు తల్లులను పిలిచి సంచులు చెకింగ్ చేసిన. ఆమె కుట్టిన పేరుగుడ్డ పట్టుకోని గుంజి చూసిన. నైలాన్ దారం రెండు పోగులు పెట్టి కుట్టింది. "మస్తు గట్టిగున్నది" అన్న. "పోయినసారి సుత ఊడలే బెన్" అన్నది. జాబితాల ఆ పిల్ల పేరు కాడ టిక్కు పెట్టి ముందటికి పోయిన.

క్యాంపు గురించి ఎక్కువ రాయ. మంచిగయింది. మొదటి రాత్రి సగం మంది నిద్ర పోలే, మిషన్ల సప్పుడు లేక. మూడోనాటికి పొగల్ల కూసోని నాగలి రొట్టెలు, మన రాగి రొట్టెలే, తిన్నరు. పొగకు అందరికి దగ్గొచ్చింది. ఒక్కలు దగ్గిండ్రు, ఇద్దరు దగ్గిండ్రు, ఇగ అందరు పోటీ పెట్టుకున్నట్టు దగ్గుకుంట నవ్విండ్రు. ఈ పిల్ల అందరికంటె గట్టిగ దగ్గింది. నేను అవుతలికి పోయి కండ్లు తుడుసుకున్న. నా సర్వీసుల అంత సంబురమైన రోజు ఇంకోటి లేదు. రోజు పొద్దుమూకంగ గుట్ట మీదికి పోయి తల్లులకు మెసేజ్ పెట్టిన, అందరు మంచిగున్నరు అని.

ఏడోనాడు వాపసు. మేం పోయింది హజీరా కంపెనీల దిక్కు కూలోళ్లను షిఫ్టులకు తోలే ఒక పాత ప్రైవేటు బస్సుల. పోయేటప్పుడు నడుమ దారిల సంచులు పెడ్తె పిల్లలు కాళ్లు ముడుసుకోని కూసోని, ఘాట్ ఎక్కంగ కక్కుకున్నరు. ఆనాడు క్యాంపుకు సామాన్లు తెచ్చిన టెంపో ఒకటి సూరత్‌కు ఖాళీగ పోతున్నది. "సంచులు అండ్ల ఏసి పంపుదమా బెన్? పిల్లలకు దారిల వఘై ఊరి చెట్ల తోట చూపెట్టుకుంట నిమ్మలంగ పోవచ్చు" అన్నడు మాతోని వచ్చిన డ్రిల్ సార్. మంచి ఉపాయమే అనిపించింది. తోట చూసుడు నా జాబితాల సుత ఉన్నది.

రోల్ నంబర్ల ప్రకారం సంచులు ఎక్కిచ్చిన. సిగ్నల్ దొరికిన కాడ బండి ఆపి బడి ప్యూన్‌కు ఫోన్ చేసిన. ముసలాయన, మరాఠీ మనిషి, మేమంత కాకా అంటుంటిమి. "కాకా, టెంపో వస్తది. సంచులు వరండల వరుసగ పెట్టు. ఎవ్వలు ముందొస్తె వాళ్లకు ఇచ్చెయ్యి, రద్దీ కాకుండ ఉంటది. గాని సంతకం తీస్కో. రిజిస్టర్ల సామాను ముట్టింది అని రాసి పెట్టు. సంతకం లేకుండ ఒక్క సంచి పోవద్దు" అన్న.

ఈ మాటలు నేనే అన్న. ఎవ్వలు చెప్తె అన్నయి గావు. అనంగ నాకు ఆ ఉన్ అర్ర యాదికి రాలే. కట్టరు సప్పుడు యాదికి రాలే. సంచులు గల్లంతు గావొద్దు, గంతే నా రంది.

బార్డోలి దాటినంక బస్సు టైరు పేలింది. నాలుగింటికి చేరాల్సినోళ్లం ఆరు దాటినంక చేరినం. గేటు కాడ తల్లులు, తండ్రులు కాకాతోని లొల్లి పెట్టుకుంట ఎదురుచూస్తున్నరు. పిల్లలు దిగుడు, ఒర్రుడు, పట్టుకునుడు. పది నిమిషాలల్ల గేటు ఖాళీ అయింది. నా పక్కన ఈ పిల్ల ఒక్కతే మిగిలింది.

నాకు కోపమొచ్చింది. నిజంగనే కోపమొచ్చింది. అంత భయపడ్డ తల్లి, తీరా వచ్చే యాళ్లకు యాడ పోయిందీమె అనుకున్న. ఫోన్ చేస్తె మోగుతున్నది, ఎత్తుతలేదు.

"ఆమె అందరికంటె ముందుగాల వచ్చింది బెన్, మూడున్నరకే. సంచి తీస్కోని పోయింది" అన్నడు కాకా. రిజిస్టర్ తెచ్చి చూపెట్టిండు. పైన నేను చెప్పినట్టే రాసున్నది, సామాను ముట్టింది అని. కింద మొదటి సంతకం ఆమెదే, ఒక్కొక్క అక్షరం విడిగ.

"బస్సు వెనుక వస్తున్నదని చెప్పలేదా?"

"అడిగినోళ్లకు చెప్పిన. ఆమె ఏం అడుగలే బెన్. నేను సంచికి మందు కొట్టి ఇచ్చిన, సంతకం పెట్టింది, పోయింది." ఇచ్చే వస్తువుకు మందు కొట్టుడు ఆ దినాలల్ల హెడ్‌మాస్టర్ పెట్టిన కాయిదా. కాకా చేతులకు గ్లౌజులు ఇంకా ఉన్నయి.

నాకు అప్పుడు సుత ఎల్గలే. పిల్లకే ఎల్గింది. నా కొంగు గుంజింది. "బెన్, మా అవ్వకు సంచి ఒక్కటే ఇచ్చిండ్రా?"

పిల్ల చెయ్యి పట్టుకోని ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికిన.

ఆటోల ఉన్ చేరేసరికి పొద్దుగూకింది. గల్లీల మిషన్లు నడుస్తున్నయి. ఆమె గడప మీద కూసున్నది. సంచి లోపటికి తీస్కపోలే, గోడకు ఆనిచ్చి ఉన్నది, జిప్పు తీయలే. పేరుగుడ్డ బయటికే ఉన్నది. లోపటి తొక్కు సీస ఎవ్వలకు కనవడ్తది? నా తెలివంత లోపట్నే ఉండిపోయింది. పక్కింటామె నా దిక్కు ఉరికొచ్చింది. "వచ్చినకాడి నుంచి గట్లనే కూసున్నది. ఉల్కది పల్కది. ఏమైందమ్మా?" అని అడుగుకుంటనే పిల్లను చూసి నోరెల్లబెట్టింది.

పిల్ల ఆటో దిగి ఉరికింది. ఉరికి, తల్లికి రెండు బారల దూరంల టక్కున ఆగింది. బాపు జరంతోని ఉన్న దినాలల్ల నేర్సుకున్న దూరమది. "అవ్వా" అన్నది.

తల్లి బిడ్డను చూసింది. మొకంల ఏం మారలే. అట్లనే తిరిగి నన్ను చూసింది.

"సంతకం పెట్టిన గద బెన్" అన్నది.

"ఏం సంతకమమ్మా? ఇగో నీ బిడ్డ. టైరు పేలి లేటయింది. చూడు జర."

"పెట్టిన. మొదలు నాదే. సామాను ముట్టిందని పెట్టిన."

"అది సంచికి పెట్టినవు. పిల్లకు గాదు."

"అప్పుడు సుత సంచికే అనుకున్న" అన్నది.

పిల్ల చెయ్యి పట్టుకోని ముందటికి తెచ్చిన, ఆమె చేతిల పెడ్దమని. ఆమె రెండు చేతులు వెనుకకు గుంజుకున్నది. "ముట్ట బెన్. నేను ముట్ట. అది కొట్టెయ్యిండ్రి ముందు. ఆ సంతకం ఆడ ఉన్నంతసేపు ఈ పిల్ల నాది గాదు. నేను ముడ్తె మాయమైతది. కొట్టెయ్యిండ్రి, మీ కాళ్లు మొక్కుత."

పిల్ల నా చెయ్యి ఇడిపిచ్చుకున్నది. పోయి సంచికి అవుతల దిక్కు, ఆ రెండు బారల దూరం సూసుకోనే, కింద కూసున్నది. "మీరు పోయి తేండ్రి బెన్. నేను ఈడనే ఉంట" అన్నది.

అదే ఆటోల మళ్ల బడికి పోయిన. కాకాను ఇంట్లకెల్లి పిలిపిచ్చి అల్మారి తీపిచ్చిన. రిజిస్టర్ బడి గేటు దాటొద్దని కాయిదా, ఆ కాయిదా రాసింది నేనే. రిజిస్టర్ సంకల పెట్టుకోని బయలెల్లిన. కాకా సుత ఆటో ఎక్కిండు. దారి పొంటి, "అడిగితె చెప్పెటోన్ని బెన్, అడుగలే" అనుకుంటనే ఉన్నడు. నీ తప్పేం లేదని నేను ఒక్కసారన్న అనాల్సుండె. అనలే. తప్పు నాదని చెప్పాల్సొస్తదని భయం.

వచ్చేసరికి ఇద్దరు అట్లనే ఉన్నరు, నడుమ సంచి. గల్లీల ఆడోళ్లు దూరంగ నిలవడ్డరు. రిజిస్టర్ ఆమె ఒళ్లె పెట్టి తెరిచిన. పెన్ను ఇచ్చిన. ఆమె ఒక్క గీత గీస్తదనుకున్న. ఆమె మొదటి అక్షరం మీద పెన్ను పెట్టి దాన్నంత దిద్దింది, నల్లగయ్యేదాక. తర్వాత రెండోది. మొగడు ఎట్ల రాపిచ్చిండో అట్లనే, ఒక్కొక్కటి, మీదికెల్లి మళ్ల మళ్ల. కాయితం చినిగి కింది కాయితానికి దిగింది. ఎవ్వలం ఆపలే. అంత అయినంక పెన్ను కింద పెట్టి చెయ్యి చాపింది.

"ఇప్పుడియ్యిండ్రి" అన్నది.

పిల్ల చెయ్యి పట్టి లేపి, ఆమె చేతిల పెట్టిన. సల్లగున్నది ఆ చెయ్యి. ఆమె బిడ్డ చెయ్యిని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. అడవిల ముండ్లు గీరిన గీతలున్నయి, గోర్లల్ల మట్టి ఉన్నది. "అవ్వా, తొక్కు నాలుగోనాడే అయిపోయింది. అందరు తిన్నరు" అన్నది.

అప్పుడు ఏడ్సింది ఆమె. పిల్లను ఒళ్లెకు గుంజుకోని, మిషన్ల సప్పుడును మించి ఏడ్సింది. మొగని పేరు పెట్టి పిలుసుకుంట ఏడ్సింది. ఆయన పోయిననాడు సంచి పట్టుకోని సప్పుడు చెయ్యకుండ ఇంటికొచ్చిందని పక్కింటామె తర్వాత చెప్పింది.

మర్నాడు హెడ్‌మాస్టర్ రిజిస్టర్ చూసి, "ఇదెవ్వలు చింపిండ్రు?" అన్నడు. "నేనే" అన్న. జీవితంల మొదటిసారి నా మీద మెమో వచ్చింది. దాచిపెట్టుకున్న.

ఇదంత అయినంక మంచిగయిందని రాస్తననుకుంటరేమొ. కాలేదు. ఆ పిల్ల మళ్ల కొంగు చుట్టుకునే పండింది. నెల దినాలు ఆ తల్లి ఇంటికాడి పని ఇడిసిపెట్టి మా బడి వరండల కూసున్నది, పొద్దుగాల నుంచి గంట కొట్టేదాక, సంచులు వరుసగ పెట్టిన కాడనే. నేను ఆ దారిన పోయినప్పుడల్ల లేసి నిలవడి దండం పెట్టేది. తిడ్తె నాకు మంచిగుండు. ఆ పిల్ల తర్వాత ఏ టూరుకు రాలే. దగ్గు సుత మళ్ల మింగుడు మొదలువెట్టింది.

ఎండకాలం సెలవులకు ముందుగాల ఆమె బిడ్డను తోల్కోని ఆఫీసు రూముకొచ్చింది. ఊరికి పోతున్నం, అక్కడి బళ్లె ఏస్త, టీసీ కావాలె అన్నది. నేనే రాసిన. టీసీ ఇచ్చినంక రిజిస్టర్ల సంతకం తీస్కోవాలె, ముట్టినట్టు. అది తప్పదు. రిజిస్టర్ తిప్పి ఆమె ముందట పెట్టిన.

ఆమె రిజిస్టర్ దిక్కు చూసింది. పెన్ను తీస్కునే ముందు ఎడమచేత్తోని బిడ్డ మణికట్టు పట్టుకున్నది. అట్లనే పట్టుకోని, కుడిచేత్తోని ఒక్కొక్క అక్షరం రాసింది. రాసి, పెన్ను నా చేతికిచ్చి, గేటు దాటి రోడ్డు మీద కనవడకుండ పోయేదాక ఆ మణికట్టు ఇడువలే.